మంచు మైదానంలో కంచుకోట – లయొనెల్ కానకర్

క్రీడాకారుల జీవితాలను గురించి వ్రాయబూనినప్పుడు మనవారి కలం సహజంగా క్రికెట్ వైపుకో, ఫుట్‌బాల్ వైపుకో పరుగెత్తుతుంది. కన్నులారా చూసిన ఆటను గురించి వ్రాయడంలో ఉండే ఆనందమే వేరు. ఆ ఆనందాన్ని ఈ పర్యాయం కొంత వదులుకొని, మన మైదానాలలో కానరాని రెండు ఆటలలో కీర్తి గడించిన ఒక కెనడా దేశీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచ సాహసిస్తున్నాము. ఆయన పేరు లయొనెల్ కానకర్. వృత్తిరీత్యా మంచు హాకీలో రక్షణస్థానపు ఆటగాడు. లాక్రాస్ అనే ఆటలో ఔత్సాహికుడుగాను, తరువాత వేతనం తీసుకొనే ఆటగాడుగాను పేరు మోసినవాడు. ఇవి చాలవన్నట్లు ఫుట్‌బాల్, బేస్‌బాల్, కుస్తీ, ముష్టియుద్ధం కూడా ఆయన విడువలేదు. 20వ శతాబ్దపు తొలి 50 సంవత్సరాలలో కెనడా కన్న పురుష క్రీడాకారులందరిలోను అగ్రగణ్యుడని 1950లో ఆ దేశపు పత్రికలవారు ఎన్నుకొన్నది ఈయననే.

14వ ఏట బడి మానవలసి వచ్చిన ఒక బీద బాలుడు ఆటను అన్నంగాను, ఆటనే చదువుకు దారిగాను మలచుకొన్న తీరు మమ్ము ఆకర్షించింది. ఆట ఆడి డబ్బు పుచ్చుకోవడం గౌరవమా, అగౌరవమా అన్న ప్రశ్న ఆయన యౌవనాన్నంతటినీ వెంటాడింది. ఈ వ్యాసానికి ప్రేరణ ముఖ్యంగా ఆ ప్రశ్నయే.

1900వ సంవత్సరం మే 24వ తేదీన టొరంటో నగరంలో లయొనెల్ జన్మించాడు. అవి దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకు, బోయర్లకు మధ్య సంగ్రామం సాగుతున్న రోజులు. ఆంగ్ల సేనలు ప్రిటోరియా నగరం వైపు కదులుతున్నవన్న వార్తలతో సామ్రాజ్యమంతటా ఉత్సాహం ఉప్పొంగుతున్న సమయం. ఆ ఉత్సాహంలో తల్లిదండ్రులు తమ బిడ్డకు లయొనెల్ ప్రిటోరియా కానకర్ అని నామకరణం చేశారు. ఎక్కడో వేల మైళ్ల దూరాన ఉన్న ఊరి పేరు ఒక కూలి ఇంటి పిల్లవానికి అంటుకొనడం చరిత్రలోని చిన్న చిన్న వింతలలో ఒకటి.

తండ్రి గుర్రపు బండి తోలి జీవించేవాడు. సంతానం 10 మంది. వారిలో మగపిల్లలకు పెద్దవాడు లయొనెల్. టొరంటోలోని డావెన్‌పోర్ట్ ప్రాంతంలో వారి నివాసం. అది మురికివాడ కంటె ఒక మెట్టు మాత్రమే పైనున్న పేట. కెనడా శీతకాలం ఎటువంటిదో మనకు పుస్తకాల వలననే తెలుసు. బొగ్గుకు డబ్బు లేని ఇంట ఆ చలికాలం ఎలా గడిచేదో ఊహించుకోవలసినదే. అయినా ఆ పేటలోని జెస్సీ కెచమ్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఒక మంచి పని చేశాడు. పిల్లలు వీధులలో చెడిపోకుండా ఉండాలంటే ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఆట ఆడవలసిందేనని ఆయన పట్టుబట్టేవాడు. ఆ పాఠశాల మైదానమే లయొనెల్‌కు తొలి గురుకులం.

8వ తరగతితో ఆ చదువు ఆగిపోయింది. 14 సంవత్సరాల వయస్సులో తమ్ముళ్ల, చెల్లెళ్ల కడుపు నింపడానికి తండ్రికి తోడుగా పనిలో చేరాడు. తోటలకు, మైదానాలకు పరచే గడ్డి పెళ్లలను మోసే పని అది. రోజుకు 10 గంటలు, వారానికి 6 రోజులు. కూలి రోజుకు 1 డాలరు. రానున్న కాలంలో ఏ పచ్చిక మీద వేలాదిమంది చప్పట్ల మధ్య పరుగెత్తనున్నాడో ఆ పచ్చికనే ముందుగా భుజాన మోశాడన్నమాట. ఆ మోత వలననే ఆయన భుజాలు, నడుము ఇనుములా గట్టిపడినవని మేము తలుస్తాము. వ్యాయామశాల ఇవ్వలేని బలం కొందరికి దారిద్ర్యం ఇస్తుంది. అయితే దాని కోసం దారిద్ర్యాన్ని పొగడవలసిన పని లేదు. అదే దారిద్ర్యం ఎందరు లయొనెల్‌లను మోతబరువు క్రిందనే అణచివేసిందో లెక్క వ్రాసినవారు లేరు.

పనివేళలు ముగిసిన తరువాత మిగిలిన శక్తినంతా ఆటలకు ధారపోసేవాడు. 12వ ఏటనే ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. అది కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే కెనడా ఫుట్‌బాల్. 16వ ఏట 125 పౌండ్ల తరగతిలో ఒంటారియో రాష్ట్ర కుస్తీ పోటీలలో విజేత అయ్యాడు. 20వ ఏట కెనడా ఔత్సాహిక ముష్టియుద్ధంలో లైట్ హెవీవెయిట్ విజేతగా నిలిచాడు. ఆ తరువాత కొంతకాలానికి ప్రపంచ విజేత జాక్ డెంప్సీతో ప్రదర్శన పోటీలో తలపడి, చెక్కుచెదరకుండా బయటపడ్డాడు.

కెనడాలో పిల్లలందరికీ పాలతో పాటు అబ్బే ఆట మంచు హాకీ. మరి లయొనెల్ ఆ ఆటను 16 సంవత్సరాలు నిండే వరకు ఆడలేదు. కారణం చాలా సామాన్యమైనది. మంచుపై జారడానికి కావలసిన ఉక్కు అంచుల బూట్లు కొనే శక్తి ఆ ఇంటికి లేదు. తోటివారు 4, 5 ఏళ్ల నాటి నుండి నేర్చిన నడకను ఈయన మీసాలు వచ్చే వయస్సులో మొదలుపెట్టాడు. అందువలన మంచుపై వేగం, ఒయ్యారం ఆయనకు చివరి వరకు పూర్తిగా పట్టుబడలేదు. ఈ లోపమే ఆయనను రక్షణస్థానంలో నిలబెట్టింది. ఆ సంగతి ముందు చెప్పబోతున్నాము.

దానికి ముందు లాక్రాస్ ఆటను గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఒక చివర వంచి, తోలు త్రాళ్లతో వల అల్లిన పొడవైన కర్రను ఆటగాడు చేత పట్టుకొంటాడు. రబ్బరు బంతిని ఆ వలలో పట్టి, పరుగెత్తి, తోటివానికి విసిరి, చివరకు ఎదుటి జట్టు గోలులో వేయాలి. చేతితో బంతిని తాకరాదు. ఇది ఉత్తర అమెరికా ఆదివాసుల సొత్తు. ఇరోక్వాయ్ మొదలైన జాతులు శతాబ్దాల తరబడి దీనిని ఆడేవి. వారికి ఇది వినోదమే గాక దైవారాధన కూడా. ఫ్రెంచి మతప్రచారకులు ఆ వంకర కర్రను చూసి దానికి లాక్రాస్ అని పేరు పెట్టారు. 1867 ప్రాంతంలో మాంట్రియల్‌కు చెందిన విలియం జార్జి బీర్స్ అనే దంతవైద్యుడు ఈ ఆటకు నియమావళి కూర్చాడు. జట్టుకు 12 మంది, కొలత కట్టిన మైదానం, నిర్ణీతమైన గోలు ఏర్పడినవి.

నియమాలు వచ్చిన కొద్ది ఏళ్లకే వింత జరిగింది. ఏ జాతుల నుండి ఆట నేర్చారో ఆ జాతులవారినే పోటీల నుండి వెలివేశారు. 1880లో లాక్రాస్ సంఘం తన పోటీలలో ఔత్సాహికులే, అనగా డబ్బు పుచ్చుకోనివారే, పాల్గొనాలని శాసించింది. దూరాభారం నుండి వచ్చే ఆదివాసులు దారిఖర్చులకు డబ్బు తీసుకొనేవారు గనుక వారు వృత్తికారులైపోయారు. వారికి తలుపు మూసుకొన్నది. కడుపు నిండినవాడు ఊరకే ఆడగలడు. ఒక రోజు కూలి పోగొట్టుకొని మైదానానికి వచ్చేవాడు ఏమి చేయాలి? ఔత్సాహికుడు అన్న బిరుదు వెనుక దాగిన ఈ అన్యాయాన్ని ఆనాటి పెద్దమనుషులు గమనించలేదో, గమనించనట్లు నటించారో మాకు తోచదు. లయొనెల్ యువకుడయ్యేనాటికి ఆ నియమపు నీడ కెనడా క్రీడలన్నింటిపైనా పరచుకొని ఉంది. ఏ ఒక్క ఆటలోనైనా వేతనం తీసుకొంటే మిగిలిన ఆటలన్నింటిలోను ఔత్సాహికత్వం రద్దయ్యేది. ఆరేడు ఆటలు ప్రాణప్రదంగా ఆడే బీదవానికి ఇంతకంటె పెద్ద సంకటం లేదు.

ఆ సంకటంలోనే ఆయన విజయపరంపర మొదలైంది. 1920లో టొరంటో కెనూ క్లబ్ జట్టు సభ్యుడుగా, దేశంలోని యువజన హాకీ జట్లకు పరమావధియైన మెమోరియల్ కప్‌ను అందుకొన్నాడు. మరుసటి సంవత్సరం డిసెంబరు 3వ తేదీన ఫుట్‌బాల్‌లో గ్రే కప్ అంతిమ పోటీ జరిగింది. తూర్పు కెనడా జట్టు, పడమటి కెనడా జట్టు ఆ కప్పు కోసం తలపడడం అదే ప్రథమం. టొరంటో ఆర్గొనాట్స్ జట్టు ఎడ్మంటన్ జట్టును 23–0 తేడాతో ఓడించింది. ఆ 23 పాయింట్లలో 15 లయొనెల్ ఒక్కనివే. ఆట ఇంకా ముగియనే లేదు. మూడవ భాగం పూర్తికాగానే ఆయన మైదానం విడిచి వెళ్లాడు. గాయపడినాడేమో అనుకొంటారు పాఠకులు. కాదు, ఆ సాయంత్రమే హాకీ ఆట ఉన్నది, అక్కడ ఆలస్యమవుతుందని!

అంతకంటె చిత్రమైన దినం 1922లో వచ్చింది. టొరంటో నగర బేస్‌బాల్ విజేతను నిర్ణయించే పోటీలో హిల్‌క్రెస్ట్ జట్టు తరఫున ఆడుతూ చివరి వంతులో బంతిని దూరంగా కొట్టి, మూడు బేసులు పరుగెత్తి జట్టును గెలిపించాడు. చప్పట్లు ఆగకముందే టాక్సీ ఎక్కి నగరం అవతలి కొసకు చేరాడు. అక్కడ ఒంటారియో ఔత్సాహిక లాక్రాస్ అంతిమ పోటీ జరుగుతున్నది. ఆయన చేరేసరికి మెయిట్‌లాండ్స్ జట్టు, అదే ఆయన జట్టు, 3–0 వెనుకబడి ఉంది. దుస్తులు మార్చుకొని వలకర్ర చేబట్టి రంగంలో దిగాడు. 4 గోళ్లు తానే చేశాడు. మరొక గోలుకు తోటివానికి బంతి అందించాడు. ఆట ముగిసేసరికి మెయిట్‌లాండ్స్ 5, ఎదుటివారు 3. ఒకే దినమున రెండు వేరువేరు ఆటలలో రెండు విజేత జట్ల మధ్య నిలిచిన మనిషిని గురించి చదివినప్పుడు, ఒక పరీక్ష వ్రాసివచ్చి మరునాటి పరీక్షకు పుస్తకం తెరవడానికే నిట్టూర్చే మన విద్యార్థి మిత్రులు మాకు గుర్తుకు వచ్చారు. వారు మన్నింతురు గాక.

ఇంతటి కీర్తి వచ్చినా ఇంటికి డబ్బు రాలేదు. వృత్తి హాకీ సంఘాలవారు ఇంటి వాకిట వాలారు. 1920లో టొరంటో సెయింట్ పాట్స్ జట్టు 3,000 డాలర్లు ఇస్తామన్నది. మరుసటి ఏడు మాంట్రియల్ కెనడియన్స్ 5,000 డాలర్లు ఇవ్వజూపింది. రోజుకు 1 డాలరు కూలికి గడ్డి పెళ్లలు మోసినవానికి అవి ఎంతటి మొత్తాలో వేరుగా చెప్పనవసరం లేదు. అయినా రెండింటినీ త్రోసిపుచ్చాడు. ఆ సంతకం పెట్టిన క్షణాన లాక్రాస్, ఫుట్‌బాల్, బేస్‌బాల్ మైదానాల తలుపులు తన ముఖాన మూసుకొంటాయని ఆయనకు తెలుసు.

చివరకు ఆయన మధ్యేమార్గం ఒకటి ఎంచుకొన్నాడు. 1923లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరానికి వెళ్లి ఎల్లో జాకెట్స్ అనే ఔత్సాహిక హాకీ జట్టులో చేరాడు. ఆ ఏర్పాటులో ఆయనను ఎక్కువగా ఆకర్షించింది చదువుకొనే అవకాశం. 23 సంవత్సరాల వయస్సులో, దేశమంతా పేరు తెలిసిన వీరుడు, బెల్‌ఫాంట్ అకాడమీ అనే విద్యాలయంలో తనకంటె చిన్నవారి సరసన కూర్చొని విడిచిపెట్టిన పాఠాలు అందుకొన్నాడు. తరువాత పిట్స్‌బర్గ్‌లోని డ్యుకేన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. గ్రే కప్ గెలిచిన దినం కంటె ఆ బల్ల మీద కూర్చొన్న దినమే మాకు గొప్పదిగా తోస్తుంది. కీర్తి వచ్చిన పిమ్మట తన అజ్ఞానాన్ని ఒప్పుకొని పలక పట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. ఎల్లో జాకెట్స్ జట్టు 1924, 1925 సంవత్సరాలలో వరుసగా అమెరికా ఔత్సాహిక విజేత అయింది.

1925లో ఆ జట్టు యావత్తూ వృత్తి జట్టుగా మారి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ పేరుతో నేషనల్ హాకీ లీగ్‌లో ప్రవేశించింది. లయొనెల్ ఇక వెనుదీయలేదు. ఆయనయే ఆ జట్టు తొలి నాయకుడు. నవంబరు 26వ తేదీన బోస్టన్ జట్టుపై ఆడిన ప్రారంభ పోటీలో ఆ జట్టు చరిత్రలో మొదటి గోలు కూడా ఆయనదే. ఔత్సాహికుడన్న బిరుదు పోయింది. చెమటకు వెల దొరికింది. దీనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదని మా దృఢాభిప్రాయం. 1926 వేసవిలో టొరంటో మేపుల్ లీఫ్స్ బేస్‌బాల్ జట్టులో కూడా వేతనంపై ఆడాడు.

ఇప్పుడు మంచు మైదానంలోకి ప్రవేశిద్దాము. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు పలక. చుట్టూ చెక్క గోడ. జట్టుకు ఒకసారికి 6 గురు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. అంగుళం మందం, 3 అంగుళాల వ్యాసం, సుమారు 6 ఔన్సుల బరువు. అది కర్ర దెబ్బకు తూటాలా దూసుకుపోతుంది. గోల్‌కీపరుకు ముందు ఇద్దరు రక్షకులు నిలుస్తారు. నాడు తలకు శిరస్త్రాణం ధరించే ఆచారం లేదు. ముఖానికి ముసుగు లేదు.

మంచుపై తాను అందరికంటె మందగామి అని లయొనెల్‌కు తెలుసు. వేగంగా వచ్చేవాని వెంటబడి పట్టుకొనడం తనవల్ల కాదు గనుక అతడు ఎక్కడికి రాబోతున్నాడో ముందే గ్రహించి అక్కడ నిలబడడం నేర్చుకొన్నాడు. రేఖాగణితం తెలిసినవాడు త్రిభుజపు రెండు భుజాలు నడవక మూడవ భుజం మీదుగా వెళ్లినట్లు కోణాలు లెక్కగట్టి అడ్డు తగిలేవాడు. దానికి మించి ఆయన చేసిన సాహసం మరొకటి ఉంది. ఎదుటివాడు పక్‌ను కొట్టబోయే క్షణాన మోకాళ్లపై కూలబడి తన శరీరాన్నే గోడగా అడ్డం పెట్టేవాడు. నేడు రక్షకులందరూ చేసే ఈ పనిని ఆ రోజులలో అలవాటుగా చేసినవారిలో ఆయన అగ్రేసరుడు. రబ్బరు బిళ్ల తగిలే చోటు ఛాతీయా, దవడయా అన్నది దైవాధీనం. ఆయన ముక్కు 8 పర్యాయాలు విరిగింది. ఒంటిపై పడిన కుట్లు వందల లెక్కన ఉన్నాయి. చిన్ననాటి ఫొటోకు, 35వ ఏటి ఫొటోకు పోలిక వెదకడం కష్టం. జనం ఆయనకు పెట్టిన ముద్దుపేరు బిగ్ ట్రెయిన్. ఆ మహాకాయం కదిలి వస్తుంటే రైలు వచ్చినట్లే ఉండేదట.

గోలు చేసినవాని పేరు మరునాటి పత్రికలో వస్తుంది. గోలు పడకుండా ఆపినవాని పేరు ఎక్కడా రాదు. రక్షకుని బ్రతుకులోని ఈ లోటును ఎరిగే ఆయన ఆ స్థానంలో 12 ఏళ్లు గడిపాడు.

ఆయన జీవితంలో చీకటి కాలం కూడా లేకపోలేదు. దానిని దాచి వ్రాయడం మా అభిమతం కాదు. 1926 చివరలో పిట్స్‌బర్గ్ జట్టు ఆయనను న్యూయార్క్ అమెరికన్స్ జట్టుకు బదిలీ చేసింది. అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న రోజులవి. ఆ జట్టు యజమాని బిల్ డ్వయర్ దొంగచాటు మద్యం వ్యాపారంలో ఆరితేరినవాడు. ఆటగాళ్ల చుట్టూ మద్యం నీరులా ప్రవహించింది. లయొనెల్ దానికి లోబడ్డాడు. ఇనుము వంటి దేహం తుప్పు పట్టసాగింది. 1929–30లో ఆటగాడుగాను, శిక్షకుడుగాను జంట బాధ్యత మోసినా జట్టు బాగుపడలేదు, ఆయనా బాగుపడలేదు. తొలిచూలు బిడ్డ పుట్టినప్పుడు మాత్రం ఆయన మద్యం ముట్టనని నిశ్చయించుకొన్నాడు. ఆ నిశ్చయం చెడలేదు. ఆ తరువాత వచ్చిన 7 సంవత్సరాలే ఆయన హాకీ జీవితంలో ఉత్తమమైనవి.

1930లో మాంట్రియల్ మరూన్స్ జట్టు ఆయనను కొనుక్కొన్నది. అప్పటికి 1929 నాటి ఆర్థికమాంద్యం ప్రపంచాన్ని క్రుంగదీస్తున్నది. వేసవిలో మంచు కరిగిన తరువాత హాకీ మందిరాలు ఖాళీగా పడి ఉండడం యజమానులకు కంటగింపైంది. వారికి లాక్రాస్ గుర్తుకు వచ్చింది. 12 మంది ఆడే బయలు ఆటను కుదించి, జట్టుకు 7 గురితో, నాలుగు గోడల మధ్య ఆడే కొత్త ఆటగా మార్చారు. దానికి బాక్స్ లాక్రాస్ అని పేరు. 1931 వేసవిలో 4 జట్లతో వృత్తి లీగ్ ఆరంభమైంది. బంతి గోడకు తగిలి తిరిగి వస్తుంది గనుక ఆట క్షణం ఆగదు. దెబ్బలాటకు కొదవ లేదు. ఈ ఆట లయొనెల్ కోసమే పుట్టినట్లుంది. మరూన్స్ పేరుతోనే ఏర్పడిన లాక్రాస్ జట్టులో ఆడి, ఆ లీగ్‌లోని ఆటగాళ్లందరిలోకి అధికంగా 107 పాయింట్లు సాధించాడు. చలికాలమంతా గోళ్లు ఆపడమే వృత్తిగా ఉన్నవాడు వేసవిలో గోళ్లు చేయడంలో ప్రథముడైనాడు! 1922లో డబ్బు తాకకుండా ఆడిన ఆటను 9 సంవత్సరాల పిమ్మట వేతనం పుచ్చుకొని ఆడాడు. పట్టుదలలో ఏమి తేడా వచ్చింది? మాకైతే ఏమీ కనబడదు. ఆ లీగ్ దీర్ఘకాలం నిలువలేదు గాని, ఆ కొత్త ఆట మాత్రం కెనడాలో స్థిరపడిపోయింది.

1932లో కుస్తీని వృత్తిగా చేశాడు. 1933లో ఒక ఆహారపదార్థాల సంస్థ ప్రాపకంతో కెనడాలో మొట్టమొదటి వృత్తి ఫుట్‌బాల్ జట్టును కూర్చాడు. అదే సంవత్సరం హాకీలో చికాగో జట్టుకు మారాడు. 1934 ఏప్రిల్‌లో చికాగో డెట్రాయిట్‌ను ఓడించి మొదటిసారి స్టాన్లీ కప్ గెలిచింది. ఆ జట్టు నాయకుడు, గోల్‌కీపరు అయిన చార్లీ గార్డినర్ వ్యాధితో బాధపడుతూనే ఆ పోటీలన్నీ ఆడాడు. ఆయన ముందు నిలిచి, రావలసిన దెబ్బలు తాను కాచుకొన్నవాడు లయొనెల్. రెండు నెలలకే గార్డినర్ కన్నుమూశాడు. ఆ సంవత్సరం లీగ్‌లో ఉత్తమ క్రీడాకారునికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ ఎన్నికలో లయొనెల్ ద్వితీయ స్థానంలో నిలిచాడు. రక్షకునికి అంత ఆదరణ దొరకడం చిన్న విషయం కాదు.

అయినా చికాగో ఆయనను ఉంచుకోలేదు. ఆ అక్టోబరులోనే హోవీ మొరెంజ్ అనే మహాక్రీడాకారునికి బదులుగా మాంట్రియల్ కెనడియన్స్‌కు ఇచ్చివేసింది. వారు వెంటనే మరల మరూన్స్‌కు ఇచ్చివేశారు. సంతలో పశువులు చేతులు మారినట్లు మనుషులు చేతులు మారడం వృత్తి క్రీడలోని హీనమైన పార్శ్వం. వేతనాన్ని సమర్థించినంత సులభంగా దీనిని మేము సమర్థించలేము.

మరూన్స్ శిక్షకుడు టామీ గోర్మన్. చికాగోకు కప్పు గెలిపించిన శిక్షకుడు కూడా ఈయనే. 1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో లాక్రాస్ స్వర్ణపతకం గెలిచిన కెనడా జట్టులో గోర్మన్ ఆడాడు. లాక్రాస్ తెలిసిన గురువుకు లాక్రాస్ తెలిసిన శిష్యుడు మరల జత కలిశాడు. 1935 అంతిమ పోటీలో ఎదురైన జట్టు టొరంటో. ఆ జట్టులో ముఖ్యుడు, ఆ సంవత్సరం లీగ్‌లో అందరికంటె ఎక్కువ పాయింట్లు సాధించినవాడు, చార్లీ కానకర్. లయొనెల్ సొంత తమ్ముడు! చిన్ననాడు ఎవరి కడుపు నింపడానికి అన్న గడ్డి పెళ్లలు మోశాడో ఆ తమ్ముడే ఇప్పుడు పక్‌తో ఎదురుగా దూసుకువస్తున్నాడు. అన్న దారి ఇవ్వలేదు. వరుసగా 3 ఆటలు గెలిచి మరూన్స్ కప్పు తీసుకున్నది. వారికి ఇంకొక తమ్ముడు రాయ్ కూడా తరువాతి కాలంలో అదే లీగ్‌లో గొప్ప ఆటగాడయ్యాడు.

1936 మార్చి 24 రాత్రి మాంట్రియల్‌లో మరూన్స్, డెట్రాయిట్ జట్ల మధ్య ఆరంభమైన ఆటను ప్రస్తావించక ముందుకు సాగలేము. నిర్ణీత కాలం ముగిసేవరకు ఎవరికీ గోలు లేదు. ఒకటి తరువాత ఒకటిగా 6 అదనపు భాగాలు జరిగాయి. అర్ధరాత్రి దాటింది. రెండు గంటలు కొట్టింది. అదనపు కాలం 116 నిమిషాలు మించిన తరువాత డెట్రాయిట్‌కు చెందిన మడ్ బ్రూనెటో అనే కుర్రవాడు ఏకైక గోలు చేశాడు. ఆ లీగ్ చరిత్రలో అంతకంటె దీర్ఘమైన ఆట మరొకటి లేదు. 36వ ఏట అడుగుపెట్టబోతున్న లయొనెల్ ఆ ఓడిన రక్షకులలో ఒకడు.

1937లో హార్ట్ ట్రోఫీ ఎన్నికలో మరల ద్వితీయ స్థానం. ఆ సంవత్సరమే ఆట విరమించాడు. అక్టోబరులో లిబరల్ పక్షం తరఫున బ్రాకన్‌డేల్ నియోజకవర్గం నుండి ఒంటారియో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1943లో ఓడిపోయాడు. 1945లో పార్లమెంటుకు పోటీ చేసి మరల ఓడాడు. 1949లో టొరంటోలోని ట్రినిటీ నియోజకవర్గం ఆయనను పార్లమెంటుకు పంపింది; 1953లో తిరిగి పంపింది. సభలో వాగ్ధాటి గలవాడని ఎవరూ చెప్పలేదు. కార్మికులు, బీదలు అధికంగా నివసించే ఆ పేటలలో ఆయనకు పరిచయం అక్కరలేకపోయింది.

1950 నాటి పత్రికలవారి ఎన్నికను మొదటనే పేర్కొన్నాము. అదే ఎన్నికలో ఉత్తమ క్రీడాకారిణిగా బాబీ రోజెన్‌ఫెల్డ్, లాక్రాస్‌లో ఉత్తముడుగా న్యూసీ లలోండ్ ఎంపికైనారు. 1978 నుండి కెనడా ఉత్తమ పురుష క్రీడాకారునికి ఏటా ఇచ్చే పురస్కారానికి లయొనెల్ కానకర్ పేరు పెట్టారు. ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో 1963లోను, లాక్రాస్ కీర్తిమందిరంలో 1966లోను ఆయనకు చోటు దొరికింది. జీవితాంతం ముక్కు పగులగొట్టుకొన్న హాకీకి మాత్రం ఆయన 1994 వరకు జ్ఞాపకం రాలేదు. తమ్ముడు చార్లీకి 1961లోనే ఆ గౌరవం దక్కింది. గోళ్లు చేసినవానికి ముందు, ఆపినవానికి 33 ఏళ్ల తరువాత! ఆ 1994లోనే కెనడా పార్లమెంటు లాక్రాస్‌ను దేశపు వేసవి జాతీయక్రీడగా, హాకీని శీతకాలపు జాతీయక్రీడగా శాసనపూర్వకంగా ప్రకటించింది.

ఏటేటా ఆటవాలో పార్లమెంటు భవనం ముందున్న పచ్చికపై సభ్యులకు, పత్రికా విలేఖరులకు మధ్య సాఫ్ట్‌బాల్ ఆట జరిగేది. అది వినోదానికి ఆడే ఆట. గెలుపు ఓటములను పట్టించుకొనేవారు లేరు. 1954 మే 26న ఆ ఆటలో లయొనెల్ పాల్గొన్నాడు. 54 ఏళ్లు నిండి రెండు రోజులే అయింది. బంతిని ఎడమ దిక్కున దూరంగా కొట్టాడు. మొదటి బేసు వద్ద ఆగి ఉండవచ్చును. ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన ఆగలేదు, రెండవ బేసు దాటాడు, మూడవ బేసు చేరుకొన్నాడు. అక్కడ రొప్పుతూ నిలబడి, అంతలోనే పచ్చికపై కుప్పకూలాడు. కొద్ది నిమిషాలలో ప్రాణం పోయింది.

మరునాడు ఆయన కుమార్తె టొరంటో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకోవలసి ఉంది. ఆ ఉత్సవానికి వెళ్లాలని ఆయన అప్పటికే నిశ్చయించుకొని ఉన్నాడు.